మేనిచాయకై స్టీరాయిడ్ లేపనములు: అపాయములు, జాగ్రత్తలు

ఔషధమునకును అలంకరణ వస్తువునకును భేదము కలదు. సున్నిపిండి, పసుపు, కొబ్బరినూనె, ముఖమునకు అద్దుకొను పౌడరు మొదలైనవి చర్మమును శుభ్రపరచుటకో, మృదువుగా నుంచుటకో, చూపునకు ఇంపుగా నుండుటకో వాడబడుచున్నవి. ఔషధము అట్టిది కాదు. అది శరీరములో జరుగు ఏదో ఒక ప్రక్రియను మార్చును. అట్లు మార్చుటయే దాని గుణము. రోగమున్నచోట ఆ మార్పు మేలు చేయును. రోగము లేనిచోట అదే మార్పు హాని చేయును. 1940 నాటి ఔషధముల, సౌందర్య సాధనముల చట్టము ఈ రెండింటికి వేర్వేరు నిర్వచనములను ఇచ్చుటకు ఇదియే కారణము.

అయినను మన దేశమున కొన్ని ఔషధములు అలంకరణ వస్తువులవలె చేతులు మారుచున్నవి. వానిలో ముఖ్యమైనవి స్టీరాయిడ్ కలిసిన పైపూత మందులు. చామనచాయను తెలుపు చేయుటకని, పెండ్లికి ముందు ముఖము మెరయుటకని, మొటిమలు అణగుటకని, గడ్డము గీసికొన్న తరువాతి మంట తగ్గుటకని వీనిని లక్షలాది జనులు వైద్యుని సలహా లేకయే వాడుచున్నారు. ఒక ట్యూబు వెల స్వల్పము. దొరకుట సులభము. మొదటి వారములో కనబడు ఫలితము ఆశ్చర్యకరము. ఈ మూడును కలిసి తరువాత రాబోవు హానిని కప్పివేయుచున్నవి. ఆ హాని ఎట్టిది, ఎట్లు కలుగును, దానినుండి ఎట్లు తప్పించుకొనవచ్చును అను విషయములను ప్రతి కుటుంబము తెలిసికొనుట అవసరము.

స్టీరాయిడ్ అనగా నేమి?

మన మూత్రపిండముల పైభాగమున అధివృక్క గ్రంథులు అను రెండు చిన్న గ్రంథులు కలవు. ఇవి తయారుచేయు కార్టిసాల్ అను హార్మోను శరీరములోని వాపును, మంటను అదుపులో నుంచును. ఈ గ్రంథుల స్రావములను పరిశోధించి వాని ఉపయోగమును లోకమునకు వెల్లడించినందుకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1950లో నోబెల్ బహుమతి లభించినది. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అను అమెరికా వైద్యులు హైడ్రోకార్టిసోనును చర్మముపై పూసి, ఎగ్జిమా వంటి వ్యాధులను తగ్గించవచ్చునని చూపిరి. అంతకుముందు ఏండ్ల తరబడి దురదతో, రసితో బాధపడిన రోగులకు ఇది గొప్ప వరమైనది.

తరువాతి కాలమున హైడ్రోకార్టిసోను కంటె ఎన్నో రెట్లు బలమైన స్టీరాయిడ్లు తయారైనవి. బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూటికాసోన్, క్లోబెటాసాల్ మొదలైనవి ఆ కోవలోనివి. వీనిలో క్లోబెటాసాల్ మిక్కిలి బలవత్తరమైన తరగతికి చెందినది. మందమైన చర్మముపై మొండిగా నిలిచిన సోరియాసిస్ వంటి రోగములకు నిపుణులు దానిని కొలది దినములు మాత్రమే వాడింతురు. అట్టి మందు అరచేతి మందమును తట్టుకొనుటకు ఉద్దేశింపబడినదే కాని, బుగ్గపై పూయుటకు ఉద్దేశింపబడినది కాదు.

తెల్లబడినట్లు తోచుటకు కారణము

స్టీరాయిడ్ పూసిన కొన్ని గంటలలో చర్మములోని సూక్ష్మ రక్తనాళములు ముడుచుకొనును. అచ్చటికి వచ్చు రక్తము తగ్గుటచే చర్మము పాలిపోవును. 1962లో మెకెంజీ, స్టౌటన్ అను పరిశోధకులు ఈ పాలిపోవుటనే ఆధారముగా గొని, ఏ స్టీరాయిడ్ ఎంత బలమైనదో కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. అనగా ముఖము త్వరగా తెల్లబడినకొలది పూసిన మందు అంత బలమైనదని అర్థము. ప్రజలు దేనిని చూచి సంతోషించుచున్నారో అది ప్రయోగశాలలో మందు తీవ్రతకు కొలబద్ద.

రెండవ కారణము వర్ణకణములకు సంబంధించినది. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థమును ఈ కణములు తయారుచేయును. మెలనిన్ కేవలము రంగు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి లోపలి కణములను కాపాడు గొడుగు అది. స్టీరాయిడ్ ఈ కణముల పనిని మందగింపజేయును. అందుచే రంగు తగ్గును. దానితోపాటు రక్షణయు తగ్గును.

మూడవది, స్టీరాయిడ్ మంటను, ఎరుపును అణచును గనుక మొటిమలు కొంతకాలము అణగియుండును. కారణము మాత్రము తొలగదు. ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు పొగ కనబడకుండ తెర కట్టుట వంటిదే ఈ ఉపశమనము.

ముఖ చర్మము వేరు

శరీరముపై అన్నిచోట్ల చర్మము ఒకే రీతిగా నుండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అను శాస్త్రజ్ఞులు హైడ్రోకార్టిసోనును శరీరమున వేర్వేరు చోట్ల పూసి, అది లోపలికి ఎంత ఇంకుచున్నదో కొలిచిరి. ముంజేతి చర్మము ఒక వంతు పీల్చుకొన్నచో నుదురు 6 వంతులు, దవడ మూల 13 వంతులు పీల్చుకొన్నట్లు తేలినది. చేతికి పూయుటకై ఇచ్చిన మందును ముఖమునకు రాచుకొన్నవారు తెలియకయే ఎన్నో రెట్లు అధికముగా మందును లోనికి పంపుచున్నారన్నమాట. కనురెప్పల చర్మము మరింత పలుచన. శిశువుల చర్మమును అట్టిదే.

హాని కలుగు క్రమము

ఈ హాని ఒక్కనాడు రాదు. క్రమక్రమముగా వచ్చును. దాని దశలను తెలిసికొన్నవారు మొదటనే గుర్తింపగలరు.

1. మొదటి వారములలో ముఖము తెల్లగా, నున్నగా కనబడును. మొటిమలు తగ్గినట్లుండును. ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు. మందు పేరు చెవినుండి చెవికి పాకును.

2. కొంతకాలమునకు అదే మోతాదు అంతగా పనిచేయదు. దినమునకు ఒకమారు పూసినవారు రెండుమార్లు పూయుదురు. కొందరు ఇంకను బలమైన మందును వెదకుదురు.

3. పిమ్మట చర్మము పలుచబడును. చర్మమునకు బలమునిచ్చు కొల్లాజెన్ అను మాంసకృత్తు తయారీ తగ్గుటయే ఇందుకు కారణము. లోపలి రక్తనాళములు ఎర్రని దారపుపోగులవలె బయటికి కనబడును. ఎండలోనికి పోయినను, పొయ్యి దగ్గర నిలిచినను, ముఖము ఎర్రబడి మండును.

4. ఒకే పరిమాణము గల మొటిమలు గుంపుగా లేచును. నోటి చుట్టును ఎర్రని పొక్కులు వచ్చును. స్త్రీలకు బుగ్గలపై, గడ్డముపై వెండ్రుకలు మొలచును. కొన్నిచోట్ల తెల్లని మచ్చలు, కొన్నిచోట్ల మునుపటికంటె నల్లని మచ్చలు ఏర్పడును.

5. గజ్జలు, చంకలు, తొడలు మొదలైన మడతలయందు పూసినవారికి చర్మముపై వెడల్పైన చారలు పడును. ఇవి మందు మానిన తరువాతను పూర్తిగా మాసిపోవు.

మానలేని స్థితి

ఇన్నింటికంటె కష్టమైనది మరియొకటి కలదు. మందును మానబోయినప్పుడు ముఖము తిరుగబడును. మానిన కొలది దినములలోనే తీవ్రమైన ఎరుపు, మంట, దురద, చీముపొక్కులు కలుగును. ఇంతకాలము బలవంతముగా ముడువబడిన రక్తనాళములు ఒక్కమారు విప్పారుటయు, అణగియున్న మంట పైకెగయుటయు ఇందుకు కారణములు.

ఇచ్చట రోగి పొరపడుటకు అవకాశము కలదు. ఉదాహరణకు, పెండ్లి నిశ్చయమైన ఒక కన్యకు బంధువులు ఇట్టి క్రీమును ఇచ్చిరనుకొందము. పెండ్లినాటికి ముఖము తెల్లబడినది. తరువాత ఆమె మందును మానినది. నాలుగు దినములకే ముఖము కందగడ్డవలె ఎర్రబడినది. మరల పూయగా సాయంకాలమునకు శాంతించినది. దీనినిబట్టి ఆమె, తన చర్మమే చెడ్డదనియు, ఈ మందే దానిని కాపాడుచున్నదనియు తలచును. నిజమునకు రోగమును కలిగించినది ఆ మందే. దానిని తాత్కాలికముగా దాచుచున్నదియు ఆ మందే. అప్పు తీర్చుటకు మరల అప్పు చేసినట్లు, ఒక్కొక్క పూతయు తరువాతి పూతను తప్పనిసరి చేయును. ఇట్లు స్టీరాయిడ్‌పై ఆధారపడి దెబ్బతిన్న ముఖమునకు మన దేశపు చర్మవైద్యులు 2008లో ఒక ప్రత్యేక నామమునే పెట్టవలసి వచ్చినది. ఇది అంత తరచుగా వారి కంటబడుచున్నది.

దేశవ్యాప్త పరిశీలనలో తేలినది

2011లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ఈ సమస్య విస్తృతిని అంకెలలో చూపినది. దేశములోని 12 చర్మవైద్య కేంద్రములయందు, ముఖముపై వ్యాధులతో వచ్చిన 2,926 మందిని వైద్యులు ప్రశ్నించిరి. వారిలో 433 మంది, అనగా నూటికి సుమారు 15 మంది, ముఖమునకు స్టీరాయిడ్ పూయుచున్నట్లు తేలినది. వీరిలో 126 మంది దానిని తెలుపునిచ్చు క్రీముగనో, సామాన్యమైన ముఖలేపనముగనో, గడ్డము గీసికొన్న పిమ్మట రాచుకొను పూతగనో వాడుచుండిరి. 104 మంది మొటిమలకై వాడుచుండిరి. 257 మందికి ఆ మందును సూచించినవారు వైద్యులే కారు. ఈ 433 మందిలో 392 మందికి, అనగా నూటికి 90 మందికి పైగా, ఏదో ఒక దుష్ఫలితము కలిగియుండెను. అందు అన్నింటికంటె ఎక్కువగా కనబడినది మొటిమలు వచ్చుట, లేక ఉన్న మొటిమలు పెచ్చు పెరుగుట. మొటిమలకై పూసిన మందే మొటిమలను పెంచినదన్నమాట.

ఈ పరిశీలనలో మరియొక సంగతియు గమనింపదగినది. వైద్యుడే వ్రాసియిచ్చినప్పుడు కూడ, 176 చీటీలలో 146 చీటీలు వైద్యుడు చెప్పిన హద్దును మీరి మరల మరల వాడబడినవి. ఒకనాటి మందుచీటీ జీవితకాలపు అనుమతిపత్రము కాదు. పది దినములకని వ్రాసిన మందును పది నెలలు పూయుట, చీటీ లేక వాడుటతో సమానము.

మూడు మందుల మిశ్రమము

మంగు మచ్చలకై వాడబడు ఒక మిశ్రమమును గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అను అమెరికా వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథాసోన్ అను మూడు మందులను కలిపి చర్మపు రంగును తగ్గించు లేపనమును వర్ణించిరి. తరువాత స్టీరాయిడ్‌ను మార్చియు, పాళ్లను మార్చియు అట్టి మిశ్రమములు అనేకము వెలువడినవి. మన దేశమున మొమెటాసోన్ కలిసిన మిశ్రమము విరివిగా అమ్ముడుపోయినది. నిపుణుని పర్యవేక్షణలో, కొలది వారములపాటు, మచ్చలున్నచోట మాత్రమే పూయుటకు ఇది తగినది.

దీనిని ముఖమంతటికిని నెలల తరబడి పూసినప్పుడు మూడు విధములైన కీడులు కలియును. స్టీరాయిడ్ చర్మమును పలుచన చేయును. ట్రెటినోయిన్ పైపొరను రాల్చి ఎండకు ఓర్వలేనిదిగా చేయును. గర్భవతులు దీనిని వాడరాదు. హైడ్రోక్వినోన్ దీర్ఘకాలము వాడినవారిలో కొందరికి చర్మము నీలము కలిసిన నలుపు రంగునకు తిరుగును. ఈ నలుపు వదలుట మిక్కిలి కష్టము. తెలుపు కోరి పూసిన మందు మాయని నలుపును మిగుల్చుట ఇందలి విషాదము.

తామరపై పూసినచో

స్టీరాయిడ్, శిలీంధ్రములను చంపు మందు, సూక్ష్మజీవులను చంపు మందు కలిసిన ట్యూబులు పల్లెపల్లెకు చేరినవి. ఉంగరమువలె గుండ్రముగా వ్యాపించు తామరకు వీనిని పూసినప్పుడు దురద ఒక్కరాత్రిలో తగ్గును. కాని చర్మము తన శత్రువును ఎదుర్కొనుటకు చేయు పోరాటమును స్టీరాయిడ్ ఆపివేయును. అడ్డులేని శిలీంధ్రము నిశ్శబ్దముగా పెరుగును. దాని రూపము మారిపోవుటచే వైద్యులకు సైతము గుర్తించుట కష్టమగును. ఇట్లు మారువేషము వేసిన తామరను 1968లోనే వైద్యులు వర్ణించియున్నారు. ఇటీవలి సంవత్సరములలో మన దేశమున మందులకు లొంగని తామర ఇంటిల్లిపాదికి వ్యాపించుటకు ఇట్టి మిశ్రమముల దుర్వినియోగము ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు భావించుచున్నారు.

కన్నులకు, శరీరమునకు కలుగు హాని

పైపూతయే కదా, లోపలికి పోదు కదా అను నమ్మకము సరికాదు. కన్నుల దాపున దీర్ఘకాలము పూసిన స్టీరాయిడ్ కంటిలోని ఒత్తిడిని పెంచి నీటికాసుల వ్యాధిని కలిగింపవచ్చును. ఆ వ్యాధిచే పోయిన చూపు తిరిగి రాదు. శుక్లములు ఏర్పడుటకును అవకాశము కలదు.

బలమైన స్టీరాయిడ్లను ఎక్కువ భాగమున, ఎక్కువ కాలము పూసినచో అవి రక్తమున చేరి, అధివృక్క గ్రంథుల సహజమైన పనిని అణచివేయును. అప్పుడు జ్వరము, శస్త్రచికిత్స వంటి కష్టసమయములలో శరీరము తనకు కావలసిన హార్మోనును తయారుచేసికొనలేదు. ముఖము ఉబ్బుట, రక్తపు పోటు, రక్తములో చక్కెర పెరుగుటయు సంభవింపవచ్చును. శిశువుల బరువుతో పోల్చినప్పుడు వారి చర్మపు వైశాల్యము పెద్దలకంటె ఎక్కువ. అందుచే వారికి ఈ ప్రమాదము అధికము. పసిబిడ్డ తెల్లగా నుండవలెనని తల్లి తన క్రీమును బిడ్డకు పూయుట ఎన్నడును తగదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1945 నాటి ఔషధ నియమావళిలో హెచ్ షెడ్యూలు అను జాబితా కలదు. ఇందలి మందులను రిజిస్టరైన వైద్యుని చీటీ లేక చిల్లరగా అమ్మరాదు. కాని చిరకాలము ఆ షెడ్యూలు అడుగున నున్న ఒక వివరణ అనేక పైపూత మందులకు మినహాయింపు నిచ్చియుండెను. ఆ సందుననే స్టీరాయిడ్ ట్యూబులు విచ్చలవిడిగా విక్రయింపబడినవి. చర్మవైద్యుల సంఘము పలుమార్లు కోరిన మీదట, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నియమములను సవరించి, స్టీరాయిడ్ కలిగిన 14 రకముల పైపూత మందులను చీటీ ఉన్ననే అమ్మవలసిన వానిలో చేర్చినది.

చట్టము తలుపు మూయగలదు. ఆ తలుపును తట్టకుండుట ప్రజల చేతిలోనున్నది. చీటీ అడిగిన మందుల దుకాణదారునిపై కోపించుట తగదు. అతడు తన ధర్మమును నిర్వర్తించుచున్నాడు.

గుర్తించుట ఎట్లు?

ఏదేని క్రీమును ముఖమునకు రాయుటకు ముందు దాని పెట్టెపై చిన్న అక్షరములలో ముద్రించిన మందుల పేర్లను చదువవలెను. చదువురానివారు చదువగల బిడ్డలచేత చదివించుకొనవలెను. పేరు చివర ‘సోన్’ అని గాని, ‘లోన్’ అని గాని, ‘సాల్’ అని గాని యున్నచో అది స్టీరాయిడ్ కావచ్చునని అనుమానింపవలెను. బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటాసాల్ ఇట్టివే. పెట్టెపై ‘ఆర్‌ఎక్స్’ అను గుర్తు గాని, వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెనను హెచ్చరిక గాని యున్నచో అది అలంకరణ వస్తువు కాదు, ఔషధము.

పేర్లే ముద్రింపని డబ్బీలను అసలే ముట్టరాదు. అట్టివానిలో స్టీరాయిడ్ ఉండవచ్చును. పాదరసపు లవణములును ఉండవచ్చును. పాదరసము చర్మముగుండ లోనికి పోయి మూత్రపిండములను దెబ్బతీయును. స్టీరాయిడ్‌కు భయపడి పేరులేని లేపనమును ఆశ్రయించుట, గుంటనుండి లేచి నూతిలో పడుట వంటిది. వారము దినములలో తెలుపు వచ్చునని ఎవరైనను హామీ ఇచ్చినచో, ఆ హామీయే అనుమానమునకు తగిన కారణము.

ఇదివరకే వాడుచున్నవారు చేయవలసినది

ఇట్టివారు సిగ్గుపడనక్కరలేదు. భయపడి దాచనక్కరలేదు. వీలైనంత త్వరలో చర్మవైద్యుని చూడవలెను. పోవునప్పుడు వాడిన ట్యూబును, పెట్టెను వెంట తీసికొనిపోవలెను. ఎన్ని నెలలు వాడిరో దాచకుండ చెప్పవలెను. కొందరిని వెంటనే మానుమని వైద్యుడు చెప్పును. మరికొందరికి బలహీనమైన మందునకు మార్చి, క్రమముగా తగ్గించి మాన్పించును. ఏది తగినదో నిర్ణయించుట వైద్యుని పని.

మానిన పిమ్మట కొన్ని వారములపాటు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలపాటు, ముఖము ఎర్రబడి మండవచ్చును. ఇది కోలుకొనుటలో ఒక దశ అని గ్రహించి ఓర్పు వహింపవలెను. ఈ కాలములో మరల పాత ట్యూబును తాకరాదు. చల్లని నీటితో తడిపిన మెత్తని గుడ్డను ముఖముపై ఉంచుకొనవచ్చును. సువాసన లేని సాదా తేమ లేపనమును వైద్యుని సలహాపై వాడవచ్చును. ఎండలోనికి పోవునప్పుడు గొడుగు గాని, తలపై కొంగు గాని ఉండవలెను. నిమ్మరసము, ఘాటైన సబ్బు, బ్లీచింగు, ఆవిరి పట్టుట మొదలైనవి మానవలెను. ఇంటివారు ఈ దశలో ముఖమును చూచి వ్యాఖ్యానింపక ధైర్యము చెప్పవలెను. పలువురు మరల మందును పట్టుకొనుటకు కారణము మంట మాత్రమే కాదు, నలుగురి మాటలును.

మందువలన కలిగిన దుష్ఫలితములను ఔషధ భద్రతా విభాగమునకు తెలుపుట ప్రతి పౌరునికి వీలైన పని. దీనికై 1800-180-3024 అను ఉచిత టెలిఫోను కలదు. ఒకరు తెలిపిన విషయము పదిమందిని కాపాడగలదు.

సరియైన వాడుకకు భయపడరాదు

ఇంతవరకు చెప్పినది దుర్వినియోగమును గూర్చి మాత్రమే. స్టీరాయిడ్ శత్రువు కాదు. ఎగ్జిమా, సోరియాసిస్, బొల్లి, మరికొన్ని పొక్కుల వ్యాధులలో అది రోగికి ఎంతో మేలు చేయును. వైద్యుడు వ్రాసిన మందును భయముచే మానివేయుటయు ప్రమాదమే. మూడు నియమములు పాటించినచో చాలును. ఏ చోట పూయుమనిరో ఆ చోటనే పూయవలెను. ఎన్ని దినములని చెప్పిరో అన్ని దినములే పూయవలెను. ఒకరికి ఇచ్చిన మందును మరియొకరు వాడరాదు.

పరిమాణమునకు ఒక సులభమైన కొలత కలదు. పెద్దవారి చూపుడువ్రేలి చివరి గణుపు పొడవున ట్యూబునుండి పిండిన మందు సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటునకు సరిపోవును. ముఖమునకు ఎంత, చేతులకు ఎంత అను ప్రశ్నలను ఈ కొలతతో వైద్యుని అడిగి తెలిసికొనవచ్చును.

కుటుంబము చేయవలసినది

ట్యూబును కొనుచున్నది ఒక్కరే అయినను, దానిని కొనిపించుచున్నవారు పలువురు. పుట్టిన బిడ్డ రంగును అడుగు బంధువులు, సంబంధము చూడవచ్చి పిల్ల చాయను తూచు పెద్దలు, నల్లవాడవని పిల్లవానిని ఎగతాళి చేయు తోటివారు, వీరందరికిని ఇందులో భాగము కలదు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ మాటలను ఇంటను, బడిలోను అరికట్టినచో, అనేక ముఖములు మందుల పాలు కాకుండును.

మేనిచాయ తల్లిదండ్రులనుండి సంక్రమించినది. మన దేశపు ఎండకు తగినట్లు ప్రకృతి యొసగిన రక్షణ అది. చర్మమునకు కావలసినవి శుభ్రమైన నీరు, మృదువైన సబ్బు, ఎండనుండి నీడ, మంచి ఆహారము, తగినంత నిద్ర. మచ్చలు, మొటిమలు, దురద కలిగినచో వానికి చికిత్స కలదు. ఆ చికిత్సను ప్రభుత్వ వైద్యశాలలోని చర్మవైద్య విభాగమున పొందవచ్చును. చామనచాయ మాత్రము రోగము కాదు. రోగము కానిదానికి మందు పూసినచో, అంతవరకు లేని రోగము వచ్చును. ఇంటిలోని అలమరను నేడే వెదకి, పాత మందుచీటీతో కొని మిగిలిన ట్యూబులను, పేరులేని డబ్బీలను గుర్తించి వానిని వాడుకనుండి తొలగించుట ప్రతి గృహస్థుడు వెంటనే చేయదగిన పని.